ఆఖరి ప్రతి ఎవరి దగ్గరుందో చూడకుండా పుస్తకాలు తీసేయకండి

విజయవాడ, గుంటూరుల్లో ప్రభుత్వ గ్రంథాలయాలు, కాలేజీ లైబ్రరీలు, ట్రస్టుల పుస్తక భాండాగారాలు నడుపుతున్న పెద్దలకు, వాటి మీద నిర్ణయాలు తీసుకునే అధికారులకు,

నమస్కారం.

నేను గుంటూరులో ఉంటాను. హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు కృష్ణ ఒడ్డున ఉన్న లంక గ్రామాల చరిత్ర రాసుకుంటున్నాను. లైబ్రరీల్లో పుస్తకాలు తీసేసే పద్ధతి మార్చమని అడుగుతున్న ఈ ఉత్తరంలోని విషయమే ఇంతకుముందు మూడుసార్లు అర్జీగా రాసి ఇచ్చాను. మొదటిసారి ఇన్‌వర్డ్ స్టాంపు వేసి నకలు చేతికిచ్చారు. రెండోసారి పైకి పంపామన్నారు. మూడోసారి వెళ్లేసరికి నా కాగితం తీసుకున్న అధికారి బదిలీ అయిపోయారు, ఫైలు ఎక్కడుందో కొత్తాయనకు తెలియదు. ఏడాదిన్నర గడిచింది. ఈలోపు నాకు తెలిసి ఇంకో రెండు చోట్ల పుస్తకాలు పాత కాగితాల కింద తూకానికి వెళ్లాయి. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందు జరిగింది చెప్తాను. లంక గ్రామాల మీద ఒక పల్లెటూరి బడి పంతులు గారు రాసిన చిన్న పుస్తకం ఒకటి ఉండేది, తొంభై పేజీలకు మించదు, తెనాలిలో ఒక ప్రెస్సులో అచ్చయింది. ఏ వరదకు ఏ లంక ఎంత కోసుకుపోయింది, ఏ ఇంటిపేరు వాళ్లు ఎటు వలస పోయారు, పడవ రేవులు ఎక్కడెక్కడ ఉండేవి, ఇవన్నీ ఆయన ఊరూరూ తిరిగి ముసలివాళ్లను అడిగి రాసుకున్నారు. 2008లో దాన్ని ఒక లైబ్రరీలో కూర్చుని చదివి, కావలసినంత నోట్సు రాసుకున్నాను. జిరాక్స్ తీయిద్దామంటే కాగితం విరిగిపోతుందని వాళ్లు వద్దన్నారు, నేనూ సరేనన్నాను. నాలుగేళ్ల కిందట ఒక రేవు పేరు సరిచూసుకోవాల్సి వచ్చి మళ్లీ వెళ్లాను. అరలో లేదు. "తీసేశాం మేడం, పదేళ్లుగా ఎవరూ అడగలేదు, పేజీలు పొడి పొడిగా రాలిపోతున్నాయి, అయినా ఫలానా కాలేజీలో ఉంది కదా" అన్నారు. ఆ కాలేజీకి వెళ్లాను. అక్కడి లైబ్రేరియన్ గారు చాలా మంచిమనిషి, నాతో కలిసి రెండు గంటలు వెతికి, చివరికి రిజిస్టర్ తెచ్చి చూపించారు. ఎర్రసిరాతో కొట్టేసి ఉంది. "అక్కడ ఉందని మేము తీసేశాం మేడం" అన్నారు.

ఇద్దరూ నిజమే చెప్పారు. ఒకరి దగ్గర ఉంటుందని ఇంకొకరు నమ్మారు. ఒక ఫోన్ చేసుకుని ఉంటే ఆ పుస్తకం మిగిలేది.

తర్వాత రెండేళ్ల పాటు పాత పుస్తకాల షాపుల్లో, వేటపాలెంలో, చెన్నైలో, హైదరాబాదులో వెతికాను. దొరకలేదు. ఆ పంతులు గారి ఊరు వెళ్తే ఆయన మనవడు, "మా ఇంట్లో ఉన్న కాపీ వరదలో పోయిందమ్మా, లైబ్రరీలో ఉంటుందిలే అనుకున్నాం" అన్నాడు.

పుస్తకాలు తీసేయడమే తప్పని నేను అనడం లేదు, దయచేసి అలా తీసుకోకండి. తీసేయాలి. గ్రంథాలయం పెరిగే ప్రాణి అని మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యులైన రంగనాథన్ గారు 1931లోనే చెప్పారు, పెరిగే దేనికైనా పాతది రాలడం ఉంటుంది. 23 జిల్లాల ఆంధ్రప్రదేశ్ అని రాసి ఉన్న గ్రూప్స్ గైడు ఇవాళ ఒక నిరుద్యోగి చేతికిస్తే అతనికి నష్టమే తప్ప లాభం లేదు. పాత ఇన్‌కంటాక్స్ పుస్తకాలు, ఇప్పుడెవరూ వాడని కంప్యూటర్ భాషల పుస్తకాలు, మందుల మోతాదులు మారిపోయిన వైద్య పుస్తకాలు, ఏదో స్కీములో ఒకే పుస్తకం ఇరవై కాపీలు వచ్చి కట్ట కూడా విప్పకుండా మూలన పడి ఉన్నవి, ఇవి అరలు పట్టుకుని కూర్చుంటే కొత్తవి ఎక్కడ పెడతారు? లైబ్రేరియన్లు నాతో ఈ మాట చాలాసార్లు అన్నారు, వాళ్లు చెప్పేది న్యాయం.

నా బాధ తీసేసే పద్ధతి గురించి. మన దగ్గర జరిగేది ఎలా ఉందంటే, ఇరవై ఏళ్లు ఒక్క పుస్తకం కూడా తీయరు, ఆడిట్ భయం. లైబ్రరీకి వచ్చిన పుస్తకాలను నెంబరు వేసి రాసే యాక్సెషన్ రిజిస్టర్లో ఎక్కిన ప్రతి పుస్తకం స్టాకు కిందే లెక్క, బీరువా, కుర్చీ ఎలాగో పుస్తకం అలాగే. పోతే జీతంలోంచి కట్టాలేమోనని టెన్షన్. కాబట్టి పనికిరానిదీ, పనికొచ్చేదీ అన్నీ అలాగే దుమ్ము పట్టి ఉంటాయి. ఒకరోజు స్లాబు కారుతుంది, లేదా బిల్డింగ్ రిపేరు మొదలవుతుంది, లేదా చదువుకునే హాలు పెంచాలని పైనుంచి చెప్తారు. అప్పుడు వారం రోజుల్లో కమిటీ, వారం రోజుల్లో సంతకాలు, ఒక ఆటోట్రాలీలో అన్నీ కలిపి తూకానికి. ఇరవై ఏళ్లు ఏమీ తీయకపోవడం, ఒక్కరోజులో అన్నీ తీసేయడం, ఈ రెండూ ఒకే భయం నుంచి వచ్చినవి. ఏది ఉంచాలో ఏది తీయాలో చెప్పే రాతపూర్వకమైన ధీమా లైబ్రేరియన్‌కు ఎవరూ ఇవ్వలేదు.

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాల్లో (2017) 215వ నియమం చూడండి. ఏడాదిలో పాఠకులకు ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోతే, అందులో మోసం గానీ నిర్లక్ష్యం గానీ లేకపోతే, దాన్ని సహజమైన నష్టంగానే చూడొచ్చని ఉంది. వెయ్యి రూపాయల విలువ దాటినదైనా, అరుదైనదైనా పోతే మాత్రం విచారణ తప్పనిసరి అని ఉంది. బాగానే ఉంది. కానీ నేను చెప్పిన ఆ లంకల పుస్తకానికి రిజిస్టర్లో రాసి ఉన్న ధర పన్నెండణాలు. అది అరుదైనదని ఏ కాలమ్‌లో రాసి ఉంటుంది? ఒక పుస్తకం అరుదైనదో కాదో దాన్ని మాత్రమే చూస్తే తెలియదు, మిగతా లైబ్రరీల్లో ఉందో లేదో చూస్తేనే తెలుస్తుంది. మొత్తం సమస్య ఇక్కడే ఉంది.

టెక్సాస్ రాష్ట్ర గ్రంథాలయం ప్రచురించిన తీసివేత మాన్యువల్ ఒకటి చాలా దేశాల వాళ్లు చూస్తుంటారు. పుస్తకం తీసేసే ముందు అందులో ఆరు ప్రశ్నలు వేసుకోమంటారు. సమాచారం తప్పుదారి పట్టించేలా ఉందా, బాగుచేయలేనంతగా చినిగిందా, దీన్ని మించిన కొత్త ఎడిషన్ వచ్చిందా, విలువ లేని సరుకా, మన పాఠకులకు సంబంధం లేనిదా, చివరిది, ఇంకో చోట తేలిగ్గా దొరుకుతుందా. మొదటి ఐదు ప్రశ్నలకు లైబ్రేరియన్ తన కుర్చీలో కూర్చునే జవాబు చెప్పగలరు. ఆరో ప్రశ్నకు పక్క లైబ్రరీ జాబితా చూడకుండా జవాబు చెప్పలేరు. మన దగ్గర ఆ ఆరో ప్రశ్నకు "ఉండే ఉంటుంది" అన్నదే జవాబు.

బయట ఈ పని చేసి చూపించినవాళ్లు ఉన్నారు. బ్రిటన్‌లో 2007 నుంచి 2019 దాకా యూకే రీసెర్చ్ రిజర్వ్ అని ఒక ఏర్పాటు నడిచింది. యూనివర్సిటీలన్నీ తమ పాత జర్నల్స్ తీసేసే ముందు జాబితా ఒకచోటికి పంపేవి. బ్రిటిష్ లైబ్రరీలో ఒకటి, సభ్య లైబ్రరీల్లో ఇంకో రెండు, మొత్తం మూడు ప్రతులు భద్రంగా ఉన్నాయని తేలితేనే నాలుగోవాడికి తీసేయడానికి అనుమతి. అలా చేస్తూనే వంద కిలోమీటర్లకు పైగా అరలు ఖాళీ చేసుకున్నారు. చోటూ దొరికింది, పుస్తకమూ మిగిలింది. అమెరికాలో హాథీట్రస్ట్ అనే లైబ్రరీల ఉమ్మడి సంస్థలోని సభ్య లైబ్రరీలు తమ అరల్లోని లక్షల సంపుటాలను ఇరవై ఐదేళ్ల దాకా తీయబోమని ముందే రాసిచ్చాయి. ఎవరు ఏది ఉంచుతామన్నారో మిగతావాళ్లకు కనిపిస్తుంది, కాబట్టి మిగతావాళ్లు ధైర్యంగా తమ దగ్గరున్నది తీసేయవచ్చు.

వాళ్ల దగ్గర డబ్బుంది, మన దగ్గర లేదు అంటారేమో. మన దగ్గర డబ్బు లేని రోజుల్లోనే ఈ పని మొదలైంది. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరి గ్రంథాలయాల వాళ్లను పిలిచి సభ పెట్టారు, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు అధ్యక్షులు. వాటిలో చాలావాటికి సొంత బిల్డింగు కూడా లేదు. అయినా అందరూ కలిసి సంఘం పెట్టుకున్నారు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదపాలెం నుంచి కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు, ఒక ఊళ్లో చదివింది ఇంకో ఊరికి చేరేది. పడవ మీద సాధ్యమైంది వాట్సాప్ ఉన్న ఈ రోజుల్లో సాధ్యం కాదా? విజయవాడకీ గుంటూరుకీ మధ్య దూరం ముప్పై అయిదు కిలోమీటర్లు.

పుస్తకం పోతే ఎవరికి నష్టం అని ఒక అధికారి నన్ను సూటిగా అడిగారు. కోపంతో అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

1. పరిశోధన చేసే పేద పిల్లలకు. పల్నాడు నుంచి వచ్చి నాగార్జున యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసే అమ్మాయికి ఇక్కడ పుస్తకం దొరక్కపోతే తర్వాతి దారి చెన్నై కన్నెమరా లైబ్రరీ. పాత మద్రాసు రాష్ట్రం రోజుల తెలుగు పుస్తకాలు అక్కడ చాలా ఉన్నాయి. కానీ రాత్రి రైలెక్కాలి, లాడ్జి తీసుకోవాలి, రెండు రోజులు ఉండాలి, అదీ ఆడపిల్ల. ఒక్క పేరాగ్రాఫ్ సరిచూసుకోవడానికి నాలుగైదు వేలు. చాలామంది వెళ్లరు. ఇంకెవరో ఎక్కడో రాసినదాన్నే తిరగరాస్తారు, తప్పు ఉంటే ఆ తప్పే ఇంకో థీసిస్‌లోకి ఎక్కుతుంది. 1954 చట్టం ప్రకారం ప్రచురణకర్తలు ప్రతి పుస్తకాన్నీ కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, కన్నెమరా లాంటి మరికొన్నింటికీ పంపాలి కదా, అక్కడైనా ఉంటుంది కదా అని మీరు అనొచ్చు. తెనాలిలోనో నరసరావుపేటలోనో సొంత డబ్బుతో ఐదొందల కాపీలు వేసుకున్న పంతులు గారికి అలాంటి చట్టం ఉందనే తెలియదు. ఆయన పంపింది ఊరి లైబ్రరీకి, తను చదువుకున్న కాలేజీకి, అంతే.

2. ఇళ్లవాళ్లకు. నేను వెతుకుతూ తిరిగిన రోజుల్లో రేపల్లె వైపు నుంచి వచ్చిన ఒకావిడ పరిచయమయ్యారు. అరవై దాటి ఉంటాయి. వాళ్ల నాన్నగారు జీవితం మొత్తంలో వేసుకున్నది ఒకే ఒక పద్యాల పుస్తకం. ఇంట్లో చెదలు తినేశాయి. ఆయన స్వయంగా సంతకం చేసి లైబ్రరీకి ఇచ్చారని వాళ్లమ్మ చెప్పేదట. మనవరాలి పెళ్లికి దాన్ని మళ్లీ అచ్చువేయించి పంచాలని ఆవిడ కోరిక. లైబ్రరీలో రిజిస్టర్ నెంబరు దొరికింది, పుస్తకం దొరకలేదు. ఆవిడ ఆ నెంబరే ఒక కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకుని వెళ్లారు. ఈ నష్టానికి విలువ కట్టే కాలమ్ ఏ రిజిస్టర్లోనూ లేదు.

3. పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు. వీళ్ల సంగతి చాలామంది మర్చిపోతారు. పొద్దున ఎనిమిదింటికే వచ్చి హాలు బయట లైన్లో నిలబడతారు, టిఫిన్ డబ్బా తెచ్చుకుని సాయంత్రం దాకా కూర్చుంటారు. వీళ్లకు కావలసింది కొత్త పుస్తకాలు, ఇంకో పది కుర్చీలు. ఏది తీసేయాలో తేలకపోవడం వల్ల పనికిరానివి అలాగే ఉండి వీళ్లకు చోటు లేకుండా పోతోంది. ఉమ్మడిగా ఒక పద్ధతి ఉంటే అందరికన్నా ముందు బాగుపడేది వీళ్లే. పాత పుస్తకాల కోసం అడిగేవాళ్లు ఈ పిల్లలకు అడ్డం అని దయచేసి అనకండి, ఇద్దరికీ కావలసింది ఒకే పని.

4. ఊళ్లకు. మన జిల్లాల గురించి రాసినవి, అంటే స్థలపురాణాలు, స్కూలు వార్షికోత్సవ సంచికలు, సహకార సంఘాల నివేదికలు, ఎన్నికల కరపత్రాలు, స్వాతంత్ర్య సమరయోధుల ఆత్మకథలు, నాటక సమాజాల సావనీర్లు, ఇవి ఢిల్లీలోనో లండన్‌లోనో ఉండవు. ఉంటే ఇక్కడే ఉండాలి. అయితే ఎన్నిసార్లు ఇష్యూ అయిందని చూస్తే వీటికి సున్నా వస్తుంది. పైగా చాలావరకు రిఫరెన్స్ విభాగంలోనే ఉంటాయి, ఇంటికి ఇవ్వరు. ఇంటికి ఇవ్వని పుస్తకం ఇష్యూ కాలేదని తీసేయడం ఏం న్యాయమండీ?

5. పన్ను కట్టేవాళ్లందరికీ. మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. ఆ పుస్తకాలు మన డబ్బుతో కొన్నవి, లేదా మన పెద్దలు దానం చేసినవి. వాటిని అమ్మే ముందు మనకు ఒక మాట చెప్పాలి.

"ఇప్పుడన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి కదా" అన్న మాట ప్రతి చోటా విన్నాను, దీనికి కాస్త వివరంగానే జవాబు చెప్పాలి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వేల కొద్దీ తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు, అది చాలా గొప్ప పని, నేను రోజూ వాడుకుంటాను. కానీ వాడుకునే వాళ్లకు తెలుసు, మధ్యలో పేజీలు ఎగిరిపోయి ఉంటాయి, అంచుల దగ్గర అక్షరాలు తెగిపోయి ఉంటాయి, మడతపెట్టిన మ్యాపు విప్పకుండానే స్కాన్ చేసి ఉంటుంది, పేర్లు ఇంగ్లీషులో తప్పుతడకగా ఎక్కించి ఉంటే వెతికినా దొరకవు. ఆ తప్పు దిద్దాలంటే మళ్లీ కాగితం పుస్తకమే కావాలి. రెండో సంగతి కాపీరైట్. రచయిత చనిపోయిన తర్వాత అరవై ఏళ్ల దాకా హక్కులుంటాయి. 1990లో పోయిన రచయిత పుస్తకం 2050 చివరిదాకా అనుమతి లేకుండా ఎవరూ నెట్‌లో పెట్టకూడదు. అంటే 1950 తర్వాత వచ్చిన పుస్తకాల్లో చాలావరకు షాపులోనూ దొరకవు, నెట్‌లోనూ ఉండకూడదు, ఉన్నది లైబ్రరీ అరలోనే. తూకానికి ఎక్కువగా వెళ్తున్నవి కూడా ఇవే, పాతవి అనిపించేంత పాతవి కావు, కొత్తవీ కావు. కాగితం కూడా ఆమ్లం ఉన్న చవక కాగితం, ముట్టుకుంటే విరుగుతుంది, చూడగానే చెత్త అనిపిస్తుంది.

ఇక మేము అడుగుతున్నవి. మేము అంటే నేను, నాతో పాటు గుంటూరు, విజయవాడ, తెనాలిల్లో ఉన్న పదిహేను ఇరవై మంది పాఠకులం, టీచర్లం, ఇద్దరు రిటైర్డ్ లైబ్రేరియన్లు.

1. ఉమ్మడి జాబితా తయారయ్యేదాకా 1990కి ముందు అచ్చయిన తెలుగు పుస్తకాలను, మన జిల్లాలకు సంబంధించిన ఏ భాష పుస్తకాన్నైనా తూకానికి వేయడం ఆపండి. గైడ్లు, టెక్స్ట్‌బుక్కులు, ఎక్కువ కాపీలు ఉన్నవి తీసేయడానికి మా అభ్యంతరం లేదు, ఇవాళే తీసేయండి.

2. ఆ జాబితాను పెద్ద సాఫ్ట్‌వేర్ వచ్చేదాకా వాయిదా వేయకండి. యూనివర్సిటీ లైబ్రరీలకు కేంద్ర సంస్థ అయిన ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల ఉమ్మడి కేటలాగ్ ఉంది, కొన్నిచోట్ల కోహా, ఈ-గ్రంథాలయ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు నడుస్తున్నాయి, కానీ శాఖా గ్రంథాలయాలు, ట్రస్టు లైబ్రరీలు అందులో లేవు. ముందు ఎక్సెల్ షీటు చాలు. పేరు, రచయిత, అచ్చువేసిన ప్రెస్సు, సంవత్సరం, పేజీలు, ఏ లైబ్రరీ, యాక్సెషన్ నెంబరు. దాంతో పాటు టైటిల్ పేజీకి ఫోన్‌తో ఒక ఫోటో. ఫోటో ఎందుకంటే మన పాత తెలుగు పుస్తకాలకు, పుస్తకాన్ని గుర్తుపట్టేందుకు వేసే అంతర్జాతీయ నెంబరు ఐఎస్‌బీఎన్ ఉండదు, ఒకరు గ్రంథాలయం అని ఎక్కిస్తారు, ఇంకొకరు గ్రంధాలయం అని, ఒకరు ఇంటిపేరుతో మొదలుపెడతారు, ఇంకొకరు అసలు పేరుతో, ఒకే పుస్తకం రెండుగా కనిపిస్తుంది, రెండు పుస్తకాలు ఒకటిగా కనిపిస్తాయి. కొన్నింటి మీద సంవత్సరం అంకెల్లో ఉండదు, రుధిరోద్గారి అని ఉంటుంది, అది 1923 ప్రాంతమా 1983 ప్రాంతమా అన్నది కాగితం, అచ్చు చూస్తే గానీ తెలియదు. ఫోటో ఉంటే ఇంకెవరైనా చూసి సరిదిద్దగలరు. పేరు కలిసింది కదా అని రెండు ఎడిషన్లను ఒకటిగా లెక్కపెట్టకండి. మొదటి ముద్రణలో ఉన్న ముందుమాట, చందాదారుల పేర్లు, ఫోటోలు తర్వాతి ముద్రణల్లో తీసేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఫోటోలు తీయడానికి, ఎక్కించడానికి మేము వస్తాం, డిగ్రీ కాలేజీల పిల్లలను తీసుకొస్తాం, మీరు బీరువా తాళాలు తీసి ఒక ఫ్యాన్ వేస్తే చాలు.

3. మూడు ప్రతుల నియమం పెట్టండి. అన్ని లైబ్రరీలూ కలిపి ఒక పుస్తకం మూడు చోట్ల భద్రంగా ఉందని తేలితేనే నాలుగోది తీయాలి. మూడు కన్నా తక్కువ ఉంటే ఎవరూ తీయకూడదు. ఆ మూడూ ఒకే ఊళ్లో ఉండకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీళ్లు వచ్చి రోజుల తరబడి నిలిచిపోయాయి, అదే సమయంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి రోజు మళ్లీ రాదని ఎవరు చెప్పగలరు? ఒకటి విజయవాడలో, ఒకటి గుంటూరులో, ఒకటి కాస్త దూరంగా, 1918 నుంచి పుస్తకాలు కాపాడుకుంటూ వస్తున్న వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట, వాళ్లు ఒప్పుకుంటే. కింది అరలో పెట్టకుండా పై అంతస్తులో పెట్టాలి.

4. మూడు ఉంచేటప్పుడు మంచివి చూసి ఉంచండి. ఒకరి దగ్గర అట్ట బాగుండి మధ్యలో పదహారు పేజీల ఫారం లేకపోవచ్చు, ఇంకొకరి దగ్గర అట్ట ఊడిపోయి లోపల పూర్తిగా ఉండవచ్చు. పేజీలు లెక్కపెట్టాకే ఏది ఉంచాలో తేల్చాలి. ఉంచిన ప్రతి మీద నిలువ ప్రతి అని ముద్ర వేయండి. ఆ ముద్ర ఉన్నది మిగతా లైబ్రరీల లిఖితపూర్వక అనుమతి లేకుండా ఎవరూ తీయకూడదు, లైబ్రేరియన్ మారినా, చైర్మన్ మారినా.

5. తీయబోయే పుస్తకాల జాబితా అరవై రోజుల ముందు నోటీసు బోర్డు మీద పెట్టండి, నెట్‌లో పెట్టండి. ముందు ఇతర లైబ్రరీలకు, తర్వాత దానం చేసిన కుటుంబాలకు, తర్వాత పాఠకులకు అవకాశం ఇచ్చి, ఎవరికీ అక్కర్లేనిదే తూకానికి వేయండి. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో దీనికి ఒక స్టాల్ ఇస్తే అక్కడే వేలమంది చూస్తారు.

6. నిర్ణయించే కమిటీలో అధికారులతో పాటు ఒక తెలుగు అధ్యాపకుడు, ఒక స్థానిక చరిత్ర తెలిసినవాళ్లు, ఇద్దరు మామూలు పాఠకులు ఉండాలి. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు అమ్మేవాళ్లలో ఒకరిని కూడా పిలవండి. ఏ పుస్తకం పదేళ్లకు ఒకసారి కూడా చేతికి రాదో వాళ్లకు తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు.

7. ఈ పద్ధతి ప్రకారం తీసిన పుస్తకానికి లైబ్రేరియన్‌ను ఆడిట్‌లో ప్రశ్నించకూడదని ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇవ్వాలి. ఇది లేకపోతే పై ఆరూ కాగితం మీదే ఉంటాయి. భయపడే మనిషి చేత మంచి పని చేయించలేం.

మేము అడిగినవాటిలో డబ్బుతో పని ఉన్నవి తక్కువ. ఒక స్కానర్, నెలకు ఒకసారి అందరూ కూర్చోవడానికి ఒక గది, పుస్తకాలు అటూ ఇటూ చేర్చడానికి ఒక వ్యాను, వసూలైన సెస్సు గ్రంథాలయాలకు సకాలంలో చేరితే ఇవి పెద్ద ఖర్చు కావు. కాలేజీల యాజమాన్యాలకు కూడా ఇదే విన్నపం. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ కమిటీ వస్తుందని లైబ్రరీ అందంగా కనిపించడానికి పాత బీరువాలు ఖాళీ చేయించేముందు ఆ బీరువాల్లో ఏముందో మీ తెలుగు డిపార్టుమెంటును ఒకసారి చూడమనండి.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. దండలు వేస్తారు, ప్రసంగాలు ఉంటాయి, పిల్లలకు వ్యాసరచన పోటీలు పెడతారు, అవన్నీ ఉండాల్సిందే. ఈసారి ఆ వారంలో ఒకరోజు రెండు ఊళ్ల లైబ్రరీల వాళ్లు ఒకచోట కూర్చోండి. రామమోహన గ్రంథాలయంలో అయితే ఇంకా బాగుంటుంది. మమ్మల్ని వెనక బెంచీలో కూర్చోనిచ్చినా చాలు. ఆలోపు ఈ ఉత్తరానికి అవుననో కాదనో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. జవాబు రాకపోతే ఇదే విషయం సమాచార హక్కు చట్టం కింద ఒక్కో లైబ్రరీని విడివిడిగా అడుగుతాం, గత పదేళ్లలో తీసేసిన పుస్తకాల జాబితాలు, వాటి మీద సంతకాలు, తూకం రశీదులు అన్నీ. అది మీకూ శ్రమ, మాకూ శ్రమ. కూర్చుని మాట్లాడుకుంటే ఆ అవసరం ఉండదు.

ఇంకొక్క విషయం. ఆ లంకల పుస్తకం కోసం తిరుగుతున్నప్పుడు ఒక పాత కాగితాల కొట్టులో లైబ్రరీ ముద్రలున్న పుస్తకాలు ముప్పై ఏడు కనిపిస్తే కిలో లెక్కన కొని ఇంటికి తెచ్చాను. నాలుగు వేర్వేరు లైబ్రరీల ముద్రలు ఉన్నాయి వాటి మీద. వేపాకు వేసి, పాత చీర గుడ్డలో చుట్టి మేడ మీద గదిలో పెట్టాను. వాటి పేర్లు, ఫోటోలతో జాబితా తయారుగా ఉంది. అందులో తొమ్మిది నాకు ఇంకెక్కడా కనిపించలేదు. అవి నావి కావు. నిలువ ప్రతి అని ముద్ర వేసి, రశీదు ఇచ్చి, పై అంతస్తులో పెడతామని మీలో ఎవరు ముందు చెప్తే వాళ్లకు తెచ్చి అప్పగిస్తాను.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక రిటైర్డ్ టీచర్, తోటి పాఠకుల తరఫున